ప్రశ్నపత్రం ఎవరు తయారుచేశారు?

2024 డిసెంబరులో గూగుల్ 'విల్లో' అనే క్వాంటం చిప్పును ప్రకటించింది. ఆ చిప్పు అయిదు నిమిషాల్లోపు ముగించిన లెక్కను అప్పటి మేటి సూపర్ కంప్యూటర్లలో ఒకదానికి ఇస్తే, ఒకటి పక్కన 25 సున్నాలు పెట్టినన్ని సంవత్సరాలు పడుతుందట. విశ్వం పుట్టి సుమారు 1,380 కోట్ల ఏళ్ళు, అంటే పదకొండంకెల సంఖ్య. దానికి ఇంకో పదిహేను అంకెలు చేర్చుకోవాలి. గూగుల్ క్వాంటం విభాగాన్ని నడిపే హార్ట్‌మట్ నెవెన్ ఇంకొక అడుగు ముందుకేసి, ఇలాంటి లెక్కలు సమాంతర విశ్వాల్లో జరుగుతున్నాయన్న ఊహకు ఇది బలమిస్తుందని కూడా రాశారు.

సమాంతర విశ్వాల సంగతి పక్కన పెడదాం. ముందు ఆ లెక్కేమిటో కనుక్కుందాం.

క్వాంటం చిప్పులో సమాచారాన్ని పట్టుకునే అతి చిన్న భాగాలను క్యూబిట్లంటారు. వాటి మీద వరసగా కొన్ని మార్పులు చేస్తారు. ఈ మార్పులను గేట్లు అంటారు. ఏ గేటు ఎక్కడ పెట్టాలన్నది లాటరీ తీసినట్టు నిర్ణయిస్తారు. చివర్లో క్యూబిట్లను కొలిస్తే సున్నాలూ ఒకట్లూ కలిసిన ఒక వరస వస్తుంది. మళ్ళీ చేస్తే ఇంకో వరస. ఇలా లక్షల వరసలు పోగు చేసి, కొన్ని వరసలు మిగతావాటికన్నా ఎక్కువసార్లు వస్తున్నాయా అని చూస్తారు. అంతే. దీనివల్ల మందు తయారవదు, వాన ఎప్పుడు పడుతుందో తెలియదు. మామూలు కంప్యూటర్‌కు వీలైనంత కష్టంగా, క్వాంటం చిప్పుకు వీలైనంత అనువుగా ఉండాలని ఏరికోరి పెట్టుకున్న లెక్క ఇది. పరీక్ష రాసేవాడే పేపర్ సెట్ చేసుకున్నాడన్నమాట. ఇందులో మోసమేమీ లేదు, పరిశోధన పత్రంలో వాళ్ళే స్పష్టంగా రాశారు. వార్తకు వచ్చేసరికి ఆ ముక్క ఎగిరిపోయింది.

ఈ కథ 2019లోనే ఒకసారి జరిగింది. అప్పటి గూగుల్ చిప్పు పేరు సికమోర్, 53 క్యూబిట్లు. ఇదే తరహా లెక్కను అది 200 సెకన్లలో చేసిందనీ, అప్పట్లో ప్రపంచంలోకెల్లా వేగవంతమైన 'సమ్మిట్' సూపర్ కంప్యూటర్‌కు 10,000 ఏళ్ళు పడుతుందనీ ప్రకటించారు. సమ్మిట్‌ను తయారుచేసిన ఐబీఎం వెంటనే అడ్డుపడింది. డిస్కుల్లో ఉన్న స్థలాన్ని కూడా వాడుకుంటే రెండున్నర రోజులు చాలన్నది. 2022లో బీజింగ్ పరిశోధకులు 512 గ్రాఫిక్స్ ప్రాసెసర్లతో దాదాపు 15 గంటల్లో ఆ పని చేసి చూపించారు. పదివేల ఏళ్ళు మూడేళ్ళలో పదిహేను గంటలకు దిగాయి. సికమోర్ మారలేదు. మామూలు కంప్యూటర్ మీద లెక్క కట్టే పద్ధతి మారింది.

ఆ ప్రయోగంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకో అంకె. సికమోర్ ఇచ్చిన జవాబుల్లో అసలు సంకేతం పాలు దాదాపు 0.2 శాతం. అంటే వెయ్యింటిలో 998 పాళ్ళు రొద. ఆ రొదలోంచి రెండు పాళ్ళ నిజాన్ని గణాంకాలతో పట్టుకోవడం గొప్ప భౌతికశాస్త్రమే, అందులో సందేహం లేదు. కానీ బ్యాంకు లెక్కలు ఎవరూ ఆ యంత్రానికి అప్పజెప్పరు.

ఐబీఎం కూడా ఈ తీరుకు అతీతం కాదు. 2023లో 127 క్యూబిట్ల చిప్పు మీద అయస్కాంత పదార్థానికి సంబంధించిన ఒక లెక్క చేసి, క్వాంటం కంప్యూటర్ 'ఉపయోగపడే' దశకు వచ్చిందనడానికి ఇది ఆధారమని 'నేచర్' పత్రికలో ప్రచురించింది. కొద్ది వారాలు తిరక్కుండానే వేరువేరు బృందాలు మామూలు కంప్యూటర్ల మీద అదే జవాబు రాబట్టాయి. కాల్‌టెక్ వాళ్ళకయితే ఒక ల్యాప్‌టాప్‌లోని ఒక్క కోర్ సరిపోయింది.

ఇవిన్ టాంగ్ కథ వీటన్నిటికన్నా ముందుది. మీకు ఏ సినిమా నచ్చుతుందో, ఏ వస్తువు కొంటారో ఊహించి చెప్పే సిఫారసు లెక్కలు తెలిసినవే. వాటికి 2016లో ఒక క్వాంటం పద్ధతి కనిపెట్టారు. మామూలు కంప్యూటర్ దాన్ని అందుకోలేదనే అందరూ అనుకున్నారు. టెక్సస్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న టాంగ్‌కు, అందుకోలేదని గణితపరంగా నిరూపించమని ప్రాజెక్టు ఇచ్చారు ప్రొఫెసర్ స్కాట్ ఆరన్సన్. నిరూపించడం కుదరలేదు. కుదరకపోవడానికి కారణం, అసలా మాటే నిజం కాదు. క్వాంటం పద్ధతికి దీటుగా నిలిచే మామూలు పద్ధతిని 2018లో టాంగ్ కనిపెట్టారు. అప్పటికి వయసు 18. క్వాంటం యంత్రం మీద నడవకముందే క్వాంటం మేలు ఒకటి కాగితం మీదే కరిగిపోయింది.

ఇంత గందరగోళం ఎందుకంటే, క్వాంటం కంప్యూటర్ గురించి మనకు చెప్పే మొదటి మాటే తప్పు. 'అన్ని జవాబులనూ ఒకేసారి సరిచూస్తుంది' అంటారు. టీవీలో అంటారు, ప్రభుత్వ సభల్లో అంటారు, కోచింగ్ ప్రకటనల్లోనూ అంటారు. 156 క్యూబిట్లుంటే రెండును 156 సార్లు హెచ్చించినన్ని అవకాశాలు ఏకకాలంలో ఉండొచ్చన్నది నిజమే. కానీ కొలిచేటప్పుడు చేతికొచ్చేది 156 సున్నాలు-ఒకట్ల వరస ఒక్కటే, అదీ లాటరీ పద్ధతిలో. మిగతావన్నీ ఆ క్షణంలోనే పోతాయి.

మరి ప్రయోజనం ఎక్కడుంది? ఒక్కో అవకాశానికీ ఒక విలువ తగిలించి ఉంటుంది. మామూలు సంభావ్యత ఎప్పుడూ సున్నాకు తగ్గదు, ఈ విలువ మాత్రం మైనస్ కూడా కావచ్చు. అందుకని రెండు దారుల్లో వచ్చిన విలువలు కలిసి పెరగొచ్చు, ఒకదాన్నొకటి కొట్టేసుకోనూవచ్చు. తప్పు జవాబులు కొట్టేసుకుపోయి ఒప్పు జవాబు మిగిలేలా గేట్లను అమర్చగలిగితేనే లాభం. ఆ అమరిక కుదిరిన సమస్యలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. 1994లో పీటర్ షోర్ పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టే పద్ధతి కనిపెట్టారు. ఢిల్లీ ఐఐటీలో చదివిన లవ్ గ్రోవర్ 1996లో వెతుకులాటకు ఒక పద్ధతి ఇచ్చారు, కానీ దాని లాభం పరిమితం: పది లక్షల ప్రయత్నాలు పట్టే చోట వెయ్యి పడతాయి. యంత్రం ఒక్కో అడుగూ నెమ్మదిగా, తప్పులతో వేస్తుంటే ఆ లాభం కాస్తా తినేసుకుపోతుంది. ఇక అణువుల ప్రవర్తనను లెక్కకట్టడం. మందులు, ఎరువులు అంటూ వినిపించే ఆశలన్నీ దీని మీదే. అక్కడ కూడా అపారమైన లాభం ఉందనడానికి ఇంకా ఆధారం కనిపించలేదని 2023లో రసాయన గణనల్లో చేయితిరిగిన ఒక బృందం రాసింది.

షోర్ పద్ధతిదే అసలు భయం. మన బ్యాంకింగ్, వెబ్‌సైట్ల భద్రతలో చాలాభాగం, పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడం కష్టమన్న నమ్మకం మీద నిలబడింది. క్వాంటం కంప్యూటర్ ఎంతవరకు వచ్చింది? 2001లో 15ను విడగొట్టారు, అయిదు మూళ్ళు పదిహేను. 2012లో 21ని. ఆ తర్వాత ఎన్నో పెద్ద సంఖ్యల పేర్లు వినిపించాయి కానీ, చాలావాటిలో జవాబు ముందే తెలుసుకుని దానికి తగ్గట్టు లెక్కను కుదించుకున్నవో, విడగొట్టడానికి అతి సులువైనవి ఎంచుకున్నవో ఉన్నాయి. దీని మీద విసుగొచ్చి 2025లో పీటర్ గట్‌మన్, స్టీఫన్ న్యూహాస్ అనే పరిశోధకులు ఒక పత్రం రాశారు. అందులో ఈ క్వాంటం రికార్డులన్నిటినీ 1980ల నాటి ఒక హోమ్ కంప్యూటర్‌తో, పూసల చట్రంతో, ఒక కుక్కతో తిరిగి సాధించారు. కుక్క మూడుసార్లు మొరిగింది. 15కూ 21కీ మూడు కారణాంకమే కాబట్టి రెండూ ఒకేసారి తేలిపోయాయి! వెటకారమే, కానీ గణితంలో తప్పు పట్టడానికేమీ లేదు.

2024 అక్టోబరులో 'సైనిక స్థాయి ఎన్‌క్రిప్షన్‌ను చైనా ఛేదించింది' అని వార్త వచ్చింది. ఎన్‌క్రిప్షన్ అంటే సమాచారానికి వేసే గణిత తాళం. పత్రం తీసి చూస్తే, విడగొట్టినది 22 బిట్ల సంఖ్య. అంటే ఏడంకెలకు మించదు. వాస్తవంలో వాడే తాళాలు 2,048 బిట్లవి, అంకెల్లో రాస్తే 617 అంకెలు. ఏడంకెల సంఖ్యనయితే ఇంటర్ చదివే పిల్లవాడు పది లైన్ల ప్రోగ్రాం రాసి ఫోన్లోనే రెప్పపాటులో విడగొడతాడు.

2,048 బిట్ల తాళం తియ్యడానికి ఎంత యంత్రం కావాలి? పరిశోధకులు క్రెయిగ్ గిడ్నీ, మార్టిన్ ఎకెరా 2019లో వేసిన అంచనా రెండు కోట్ల క్యూబిట్లు, ఎనిమిది గంటలు. 2025లో గిడ్నీ దాన్ని పది లక్షల లోపుకు, వారం లోపుకు దించారు. ఇక్కడ సందేహవాదులు కూడా ఆగి చూడాలి. ఆరేళ్ళలో అవసరం ఇరవయ్యో వంతుకు పడిపోయిందంటే, 'ఎప్పటికీ రాదు' అని పందెం కాయడం తెలివైన పని కాదు. రొదను జయించడం మూలసూత్రాల రీత్యానే అసాధ్యమని వాదించే గిల్ కలాయ్ లాంటి గణితవేత్తలు ఉన్నారు. నేను అంతదూరం పోను. 2025 భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న జాన్ క్లార్క్, మిషెల్ డెవొరే, జాన్ మార్టినిస్ 1980లలో చేసిన ప్రయోగాల మీదే ఇవాళ్టి గూగుల్, ఐబీఎం చిప్పులు నిలబడ్డాయి. పునాది గట్టిదే.

విల్లోలో నిజమైన వార్త కూడా ఈ కోవదే, కానీ దాని గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. చాలా క్యూబిట్లను కలిపి, ఒకదాని తప్పును మిగతావి పట్టుకునేలా ఒకే నమ్మకమైన క్యూబిట్‌గా నడపాలన్నది పాత ఆలోచన. చిక్కేమిటంటే, సంఖ్య పెంచినకొద్దీ తప్పులు చేసేవాళ్ళూ పెరుగుతారు. విల్లోలో మొదటిసారి, గుంపు పెద్దదైనకొద్దీ తప్పులు సుమారు సగానికి సగం తగ్గుతూ వచ్చాయి. 101 క్యూబిట్లతో ఒక్క నమ్మకమైన క్యూబిట్ తయారైంది. అది కూడా లెక్కలు చెయ్యలేదు, సమాచారాన్ని చెరగకుండా పట్టుకుని కూర్చుంది. నా దృష్టిలో 25 సున్నాలకన్నా ఇదే పెద్ద విజయం. 2025 అక్టోబరులో గూగుల్ మరో లెక్క ప్రకటించింది. ఈసారి వేగం 13,000 రెట్లు, జవాబును మరో క్వాంటం యంత్రం మీద సరిచూసుకునే వీలుంది. అంకె బాగా చిన్నదైంది, పని కాస్త నిజమైంది.

ఇక మన అమరావతి. 2025 మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో కలిసి క్వాంటం వ్యాలీ అనే టెక్ పార్కును ప్రకటించింది. అందులో 156 క్యూబిట్ల హెరాన్ చిప్పుతో ఐబీఎం యంత్రం పెడతామన్నారు. దేశంలోకెల్లా పెద్దది అదే అవుతుందన్నారు, గర్వించదగ్గ మాటే. అయితే ఐబీఎం చెప్పినదాని ప్రకారమే, ఈ రకం చిప్పు ఖచ్చితత్వం చెడకుండా చెయ్యగలిగేది సుమారు 5,000 రెండు-క్యూబిట్ గేట్లు. షోర్ పద్ధతితో తాళం తియ్యడానికి వందల కోట్ల గేట్లు కావాలి. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టిన ప్రభుత్వ ప్రకటన ఒక్కటీ నా కంటపడలేదు.

దీన్ని హైటెక్ సిటీతో పోలుస్తున్నారు. ఆ పోలికలో ఒక లోపం ఉంది. 1998లో సైబర్ టవర్స్ తలుపులు తెరిచే సమయానికి పని సిద్ధంగా ఉంది. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న వైటూకే టెన్షన్‌తో అమెరికా కంపెనీలు ప్రోగ్రామర్ల కోసం వెతుకుతున్నాయి. క్వాంటం కంప్యూటర్‌తో మాత్రమే అయ్యే పని చేయించుకోవడానికి డబ్బు పట్టుకుని నిలబడ్డ కంపెనీ ఇవాళ లేదు. ఉన్నవన్నీ నేర్చుకోవడానికి, పేరు కోసం, రేపటి భయంతో చేసే ప్రయోగాలు. 2025 జనవరిలో చిప్పుల కంపెనీ ఎన్‌విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ ఉపయోగపడే యంత్రాలకు పదిహేను నుంచి ముప్ఫై ఏళ్ళు పట్టొచ్చని ఒక్క మాటన్నారు. అమెరికాలో కొన్ని క్వాంటం కంపెనీల షేర్లు ఒక్క రోజులో మూడో వంతుకు పైగా పడిపోయాయి. అసలు ఆ కంపెనీలు మార్కెట్లో లిస్టయి ఉన్నాయని తనకు తెలియదని ఆయన తర్వాత అన్నారు.

యంత్రం మన గడ్డ మీదే ఉండాలా అన్నది ఇంకో ప్రశ్న. ఐబీఎం 2016 నుంచే తన క్వాంటం యంత్రాలను ఇంటర్నెట్ ద్వారా వాడుకోనిస్తోంది. నెలకు కొద్ది నిమిషాలు ఉచితం కూడా. గుంటూరులో బీటెక్ చదివే అమ్మాయి అమెరికాలో ఉన్న చిప్పు మీద ఇవాళే ప్రయోగం చేసుకోవచ్చు. అమరావతిలో యంత్రం వల్ల నిజంగా కలిసొచ్చేది, కొత్తగా ఎక్కువ సమయం దొరకడం, సున్నా కెల్విన్‌కు, అంటే మైనస్ 273 డిగ్రీల సెల్సియస్‌కు, ఇసుమంత దూరంలో ఉండే ఆ శీతల యంత్రాలను నడిపి బాగుచెయ్యడం మనవాళ్ళకు వంటబట్టడం. చిన్న లాభమేమీ కాదు. అలాంటప్పుడు ఆ మాటే చెప్పొచ్చు కదా! ఎన్ని గంటలు ఎవరికిచ్చారు, ఏ లెక్క చేశారు, అదే లెక్క మామూలు సర్వర్ మీద చేస్తే ఎంతసేపు పట్టింది అని ఆరు నెలలకోసారి ప్రచురిస్తే, వచ్చిన ప్రతి అంకెనూ ఇలా అనుమానించాల్సిన అవసరం తగ్గుతుంది.

క్వాంటం పేరుతో ఇప్పటికిప్పుడు చెయ్యాల్సిన పని ఒకటుంది, దాని గురించే సభల్లో తక్కువ వినిపిస్తుంది. ఇవాళ దొంగిలించి దాచిపెట్టుకున్న రహస్య సమాచారాన్ని, పదిహేనేళ్ళ తర్వాత పెద్ద యంత్రం వస్తే అప్పుడు విప్పుకోవచ్చు. అందుకే షోర్ పద్ధతికి లొంగని కొత్త తాళాలకు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో మూడు ప్రమాణాలు విడుదల చేసింది. పాతవాటిని 2035కల్లా వదిలెయ్యాలని ప్రతిపాదించింది. సిగ్నల్ యాప్ 2023లోనే మారడం మొదలుపెట్టింది, ఆపిల్ ఐమెసేజ్ 2024లో. బ్యాంకులు, ఆసుపత్రుల రికార్డులు, భూమి పత్రాలు, రాష్ట్ర ప్రభుత్వ సర్వర్లు ఇవన్నీ ఎక్కడెక్కడ ఏ పాత తాళం వాడుతున్నాయో లెక్క తీసి, ఒక్కొక్కటీ మార్చుకుంటూ రావాలి. కొన్నేళ్ళు పట్టే విసుగు పని. దానికి ఎక్కడా క్వాంటం కంప్యూటర్ అక్కర్లేదు. పాత కోడు ఓపిగ్గా చదివే ఇంజనీర్లు, వాళ్ళకు జీతాలు కావాలి.