రూట్ కెనాల్‌లో అసలు పని కడగడమే

రూట్ కెనాల్ అనగానే పన్ను వేరు లోపల గీకే సన్నటి ఫైళ్లు, ఎక్స్‌రేలు, చివర్లో తొడిగే క్యాప్ గుర్తొస్తాయి. మధ్యలో డాక్టరు సిరంజితో పదే పదే పోసే మందునీళ్లను ఎవరూ పట్టించుకోరు. ఆ పన్ను నిలుస్తుందా, కొన్నాళ్లకు మళ్లీ చీము పడుతుందా అనేది చాలావరకు ఆ కడగడంలోనే తేలిపోతుంది.

అసలు శత్రువు బ్యాక్టీరియానే అని 1965లో కాకెహాషి అనే పరిశోధకుడి బృందం ఎలుకల మీద తేల్చింది. క్రిములే లేని వాతావరణంలో పెంచిన ఎలుకల పళ్లకు లోపలి మెత్తటి గుజ్జు (నరాలు, రక్తనాళాలు ఉండే భాగం) బయటపడేలా రంధ్రం చేశారు. అందులో తిండి ఇరుక్కున్నా గుజ్జు చావలేదు, పైగా కొత్త డెంటిన్‌తో (పన్నులోని గట్టి పదార్థంతో) గాయం పూడింది. మామూలు ఎలుకల్లో మాత్రం గుజ్జు కుళ్లి, వేరు కొసన చీము చేరింది.

మరి ఫైలుతో గీకేస్తే సరిపోదా? సరిపోదు. పన్ను వేరులోని కాలువ నున్నటి గొట్టం కాదు. ఒకచోట బల్లపరుపుగా సాగుతుంది, ఇంకోచోట పక్కలకు చీలుతుంది, కొసన నది సముద్రంలో కలిసే ముందు పాయలైనట్టు విడిపోతుంది. ఎంత జాగ్రత్తగా తిప్పినా గోడల్లో మూడో వంతుకు పైగా ఫైలు తాకనే తాకదని మైక్రో సీటీ స్కాన్లు చూపించాయి. ఆ గోడల్లో ఒకటి రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెడల్పున్న నాళికలు వేలకు వేలు. బ్యాక్టీరియా దూరి దాక్కోవడానికి ఆ సందు చాలు. అక్కడిదాకా వెళ్లగలిగేది ద్రవం ఒక్కటే.

ఆ ద్రవాల్లో ముఖ్యమైనది సోడియం హైపోక్లోరైట్, అంటే బట్టల బ్లీచ్‌లో ఉండేదే. మొదటి ప్రపంచ యుద్ధంలో హెన్రీ డాకిన్ దీన్ని అర శాతం గాఢతతో సైనికుల గాయాలు కడగడానికి వాడారు. దంతవైద్యంలో 0.5 నుంచి 6 శాతం దాకా వాడతారు. ఇది క్రిముల్ని చంపడంతో ఆగదు, చచ్చిన గుజ్జును కరిగించేస్తుంది. నా దృష్టిలో దీని అసలు గొప్పతనం అదే. అయితే గుజ్జు తగలగానే దీని బలం తరిగిపోతుంది, కాబట్టి తాజాగా పోస్తూనే ఉండాలి.

ఫైలు గీకిన పొడి గోడకు పూతలా అంటుకుని నాళికల నోళ్లు మూసేస్తుంది. అందులోని ఖనిజం హైపోక్లోరైట్‌కు కరగదు. దానికోసం 17 శాతం ఈడీటీఏ ద్రావణాన్ని ఒక నిమిషం పాటు ఉంచుతారు, అది కాల్షియాన్ని లాగేసుకుంటుంది. ఈ రెండూ కలిస్తే హైపోక్లోరైట్ నీరసపడుతుంది. క్రిముల్ని చంపే మరో మందు క్లోర్‌హెక్సిడిన్ హైపోక్లోరైట్‌కు తగిలితే గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది. అందుకే ఒకటి పూర్తిగా తీసేశాకే రెండోది.

ఇక సూది. 30 గేజ్ సూది మందం సుమారు 0.3 మిల్లీమీటర్లు. కొస మూసి, పక్కన రంధ్రం ఉన్నది వాడితే మేలు. సూది కొస దాటి ద్రవం ఒక మిల్లీమీటరుకు మించి వెళ్లడం కష్టం. కాలువ చివర గాలి బుడగ చిక్కుకుని అడ్డుపడుతుంది కూడా. అల్ట్రాసోనిక్ కంపనాలతో ద్రవాన్ని కదిలించేది ఇందుకే. అలాగని గట్టిగా నొక్కకూడదు. హైపోక్లోరైట్ వేరు దాటి ఎముకలోకి వెళ్తే భరించలేని నొప్పి, నిమిషాల్లో వాపు, ఆ తర్వాత ముఖంపై కమిలిన మచ్చలు. సూదిని ఎక్కడా బిగుసుకోనివ్వకుండా పైకీ కిందికీ ఆడిస్తూ మెల్లగా పోయాలి. మందు నోట్లోకి జారకుండా పన్ను చుట్టూ రబ్బరు డ్యామ్ (పల్చటి రబ్బరు తెర) బిగించాలి.

ఇంత చేసినా లోపల ఒక్క క్రిమీ మిగలదని చెప్పలేం. మిగిలినవాటిని ఫిల్లింగ్‌తో మూసి, తిండి అందకుండా చేస్తారు. తాత్కాలిక సిమెంటు అరిగి ఉమ్మి లోపలికి దిగితే బ్యాక్టీరియా మళ్లీ చేరుతుంది. కాబట్టి నొప్పి తగ్గింది కదా అని శాశ్వత ఫిల్లింగ్‌నూ క్యాప్‌నూ వాయిదా వేయకండి.