మహమ్మారి కాలంలో పసిపిల్లల టీకాలు: అపోహలు, వాస్తవాలు

అపోహ: కోవిడ్ రోజుల్లో బిడ్డకు టీకాలు వేయించని తల్లిదండ్రులకు టీకాలపై నమ్మకం పోయింది.

వాస్తవం: పిల్లల వైద్యునిగా ఈ మాటను నేను ఒప్పుకోలేను. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక బస్సులు ఆగిపోయాయి, కూలి పనులు పోయాయి. ఫలానా రోజున బిడ్డను తీసుకురమ్మని ఇంటికొచ్చి గుర్తుచేసే ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు కోవిడ్ సర్వేల్లో మునిగిపోవడంతో, ఉపకేంద్రంలో టీకాలు వేస్తున్నారో లేదో చాలా కుటుంబాలకు తెలియనే లేదు. వలస నుంచి తిరిగొచ్చిన వారి పిల్లలు ఏ ఊరి జాబితాకూ ఎక్కకుండా మిగిలిపోయే పరిస్థితి వచ్చింది. వీటికి తోడు, ఆస్పత్రికి వెళితే జబ్బు అంటుకుంటుందన్న భయం ఉండనే ఉంది. నమ్మకమే పోయి ఉంటే వారు మళ్లీ వచ్చేవారు కారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ అంచనాల ప్రకారం మన దేశంలో కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాల నుంచి రక్షణనిచ్చే డీపీటీ టీకా ఒక్క డోసూ అందని పసిపిల్లలు 2021లో 27 లక్షల మంది ఉండగా, 2022లో 11 లక్షలకు తగ్గారు. అందుకే టీకా తప్పిందని తల్లిని అందరి ముందూ మందలించడం అన్యాయమని నా అభిప్రాయం. అలా మాటపడిన తల్లి మరోసారి రావడానికి వెనకాడుతుంది.

అపోహ: మహమ్మారి తగ్గేవరకు టీకాలు ఆపడమే క్షేమం.

వాస్తవం: ఆఫ్రికా దేశాలపై 2020లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం, టీకా కోసం వెళ్లిరావడంలో సోకిన కోవిడ్ వల్ల అదనంగా ఒక మరణం సంభవించే చోట, టీకాలు కొనసాగించడం వల్ల 84 మంది పిల్లల మరణాలను నివారించవచ్చు. మన లెక్క అచ్చంగా అదే కాకపోవచ్చు గానీ, ఎటు మొగ్గాలో అది స్పష్టంగా చెబుతోంది.

అపోహ: ఇల్లు కదలని బిడ్డకు తట్టు రాదు.

వాస్తవం: తట్టు వైరస్ గాలిలో రెండు గంటల వరకు నిలవగలదు, రోగి దగ్గరికి వెళ్లిన, రక్షణ లేని పదిమందిలో తొమ్మిదిమందికి దాకా సోకుతుంది. 2022 చివర్లో ముంబైలోని గోవండి వంటి ఇరుకు బస్తీల్లో తట్టు విజృంభించి పసిపిల్లల ప్రాణాలు తీసింది.

అపోహ: తేదీ దాటితే అన్ని డోసులూ మొదటి నుంచి వేయించాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు. తట్టు, రుబెల్లా టీకాను ప్రభుత్వ కేంద్రాల్లో ఐదేళ్ల వయసు వరకు వేస్తారు. టీకా కార్డు పోయినా ఆగిపోకుండా బిడ్డను తీసుకురండి. ఏఎన్ఎం తన రిజిస్టరులో చూసి, ఏ డోసులు మిగిలాయో చెబుతారు.