జనాభా, ఆర్థిక వృద్ధి: అపోహలు - వాస్తవాలు

జనాభా లెక్కలతో పనిచేసేవాణ్ని. ఎవరు కలిసినా "జనాభా ఎక్కువైతే మంచిదా, తక్కువైతే మంచిదా?" అనే అడుగుతారు. నేను మాత్రం ముందు, ఏ వయసువాళ్లు ఎందరున్నారో చెప్పే వయసుల పట్టిక తెరుస్తాను.

అపోహ: జనం పెరిగితే పేదరికం తప్పదు.
వాస్తవం: తిండి పెరిగే వేగాన్ని జనాభా దాటేస్తుందని 1798లో ఇంగ్లండ్ ఆర్థికవేత్త మాల్థస్ హెచ్చరించాడు. అప్పటి ప్రపంచ జనాభా సుమారు 100 కోట్లు. 2022లో అది 800 కోట్లకు చేరింది. సగటు ఆదాయం మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది.

అపోహ: జననాలు తగ్గితే చాలు, సంపద దానంతటదే వస్తుంది.
వాస్తవం: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 1960లో దక్షిణ కొరియాలో ఒక్కో మహిళకు సగటున ఆరుగురు పిల్లలు. 1983కల్లా అది 2.1 కంటే తగ్గింది (దీర్ఘకాలంలో జనాభా నిలకడగా ఉండాలంటే సుమారు 2.1 కావాలి). పిల్లలు తగ్గారు, వృద్ధులు ఇంకా పెరగలేదు. మధ్యలో, సంపాదించే వయసువాళ్ల వాటా బాగా పెరిగింది. ఇంట్లో ఒక్కో బిడ్డ చదువుకు ఎక్కువ ఖర్చు పెట్టగలిగారు, పొదుపూ పెరిగింది. తూర్పు ఆసియా వృద్ధిలో మూడో వంతు దాకా ఈ మార్పు వల్లే వచ్చి ఉండొచ్చని 1998లో ఆర్థికవేత్తలు బ్లూమ్, విలియమ్సన్ అంచనా వేశారు. లాటిన్ అమెరికాలోనూ జననాలు బాగా తగ్గాయి, కానీ అంతటి వృద్ధి రాలేదు. చేతులు ఎన్ని ఉన్నా వాటికి పని దొరకాలి కదా! ఈ అవకాశం కొన్ని దశాబ్దాలే ఉంటుంది. తర్వాత ఆ తరమే వృద్ధాప్యంలోకి వెళుతుంది.

అపోహ: సంతానోత్పత్తి రేటు (ఒక్కో మహిళకు సగటు పిల్లల సంఖ్య) 2.1 కంటే కిందికి పడితే జనాభా వెంటనే తగ్గుతుంది.
వాస్తవం: చైనాలో ఆ రేటు 1990ల ఆరంభంలోనే పడింది. జనాభా తగ్గడం మొదలైంది 2022లో. అంతకుముందు పెద్ద సంఖ్యలో పుట్టిన ఆడపిల్లలు తల్లులయ్యే వయసుకు రావడమే ఈ ఆలస్యానికి ప్రధాన కారణం.

అపోహ: జనాభా తగ్గితే ఆర్థిక వ్యవస్థ కుప్పకూలుతుంది.
వాస్తవం: జపాన్ మొత్తం జీడీపీ ఏళ్ల తరబడి నెమ్మదిగానే పెరిగింది. అదే జీడీపీని పనిచేసే వయసువాళ్ల సంఖ్యతో భాగించి చూస్తే, ఈ శతాబ్దం మొదటి రెండు దశాబ్దాల్లో వృద్ధి అమెరికాకు పెద్దగా తీసిపోలేదు. పింఛన్లు, వైద్యం ఖర్చుల బరువు మాత్రం నిజమే.

అపోహ: వృద్ధులు పెరుగుతున్నారా? ఎక్కువమంది పిల్లల్ని కనమంటే సరి.
వాస్తవం: ఇవాళ పుట్టిన బిడ్డ సంపాదనలో పడడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా పనిచేసేవాళ్లు అటు వృద్ధుల్నీ ఇటు పిల్లల్నీ పోషించాలి. పైగా కనమన్నంత మాత్రాన ఎవరూ కనరు. ఏళ్లుగా ప్రోత్సాహకాలు ఇస్తున్నా 2023లో దక్షిణ కొరియా సంతానోత్పత్తి రేటు 0.72కి పడిపోయింది. బిడ్డను కంటే ఉద్యోగం పోతుందన్న భయం తల్లికి ఉన్నన్నాళ్లూ నగదు సాయం పెద్దగా పనిచేయదని నా అభిప్రాయం.