పోలియో చుక్కల వెనుక ఒక పాత వాదన

పల్స్ పోలియో ఆదివారం నాడు చుక్కల మందు వేసే కేంద్రాల దగ్గర రోటరీ క్లబ్బు బ్యానరును మన ఊళ్లలో చాలామంది చూసే ఉంటారు. ఆ బ్యానరు అక్కడికి చేరడానికి ముందు, సేవా క్లబ్బులు ఎంతవరకు పూనుకోవాలన్న విషయంపై దశాబ్దాల పాటు వాదన నడిచింది. కష్టంలో ఉన్న పిల్లల కోసం క్లబ్బులన్నీ కలిసి ఒకే పనిని భుజానికెత్తుకోవాలా, లేక ఏ ఊరి క్లబ్బు ఆ ఊరి అవసరాన్ని చూసుకుంటే సరిపోతుందా అన్నదే ఆ వాదన.

1905లో షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది మొదలుపెట్టిన రోటరీ, తొలి రోజుల్లో వృత్తి వ్యాపారాల్లో ఉన్నవారి పరిచయ వేదిక మాత్రమే. పిల్లల సేవ దాని ముందుకు వచ్చింది ఒహాయో రాష్ట్రంలోని ఎలీరియా అనే చిన్న పట్టణం నుంచి. 1907 మే 30న అక్కడ జరిగిన ట్రామ్ ప్రమాదంలో ఎడ్గర్ అలెన్ అనే వ్యాపారి కొడుకు హోమర్ చనిపోయాడు. గాయపడినవారికి తగిన వైద్యం అందించే ఆసుపత్రి ఊళ్లో లేదు. అలెన్ తన వ్యాపారాన్ని అమ్మేసి, చందాలు పోగుచేసి, మరుసటి ఏడాదికే ఆసుపత్రిని తెరిపించాడు. అక్కడికి వచ్చే కుటుంబాలతో మాట్లాడుతున్నప్పుడు ఆయనకు మరో సంగతి తెలిసింది: కాళ్లు చచ్చుబడిన పిల్లలను చాలా ఇళ్లలో బయటికే రానివ్వడం లేదు. వారి కోసం 1915లో ప్రత్యేక ఆసుపత్రి వచ్చింది. 1919లో రోటేరియన్ల అండతో రాష్ట్రవ్యాప్త సంఘం, 1921లో జాతీయ స్థాయి సంఘం ఏర్పడ్డాయి.

ఈ ఉత్సాహమే రోటరీలో పెద్ద చర్చకు కారణమైంది. వికలాంగ బాలల సేవను క్లబ్బులన్నిటి ఉమ్మడి కార్యక్రమంగా చేయాలని ఒహాయోవారు కోరారు. పైనుంచి పనులు పురమాయించడం మొదలైతే స్థానిక క్లబ్బుకు స్వతంత్రం ఉండదని మరికొందరు గట్టిగా వ్యతిరేకించారు. 1923లో సెయింట్ లూయిస్ మహాసభ ఆమోదించిన 34వ తీర్మానం ఏ సేవ చేయాలో ఎంచుకునే హక్కును క్లబ్బులకే వదిలింది. లయన్స్ క్లబ్బులు వేరే దారి పట్టాయి. 1925లో చూపు, వినికిడి లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ వారి మహాసభకు వచ్చి అంధుల పక్షాన నిలవమని కోరిన తరువాత, కంటి సేవ వారికి ఉమ్మడి గుర్తింపు అయింది.

రోటరీ మాత్రం తన నిర్ణయాన్ని మార్చుకోవడానికి 1970ల చివరి దాకా ఆగింది. ఆరోగ్యం, ఆకలి, మానవత అనే మూడు అంశాలతో ఒక అంతర్జాతీయ కార్యక్రమాన్ని రూపొందించి, దాని కింద ఫిలిప్పీన్స్‌లో అరవై లక్షల మంది పిల్లలకు పోలియో చుక్కలు వేయించే ఒప్పందం చేసుకుంది. 1979 సెప్టెంబరు 29న మనీలా ప్రాంతంలో అది మొదలైంది. 1985లో పోలియోప్లస్ పేరిట 12 కోట్ల డాలర్లు సేకరిస్తామని ప్రకటించిన క్లబ్బులు, మూడేళ్లలో అంతకు రెట్టింపు పైగా, అంటే 24.7 కోట్ల డాలర్లు సమకూర్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల వేదిక అయిన ప్రపంచ ఆరోగ్య సభ 1988లో పోలియో నిర్మూలనకు పూనుకోవడానికి ధైర్యమిచ్చిన కారణాల్లో ఇదొకటి. అప్పటికి 125కు పైగా దేశాల్లో ఏటా సుమారు మూడున్నర లక్షల మంది ఈ వ్యాధి బారిన పడుతున్నారు.

అయితే డబ్బు పెద్ద ఎత్తున చేరినా పని మాత్రం గడప గడపకూ జరగాల్సిందే. మన దేశంలో 1995లో పల్స్ పోలియో మొదలయ్యాక ఈ సంగతి స్పష్టమైంది. ఇంటింటికీ తిరిగే బృందాలు గోడమీద సుద్దముక్కతో గుర్తు వేసేవి. పిల్లలందరికీ చుక్కలు పడితే 'పి' అక్షరం, ఎవరైనా మిగిలిపోయినా, తాళం ఉన్నా, వద్దన్నా 'ఎక్స్' అక్షరం. ఆ ఎక్స్ ఇళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లాలి. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఇవి ఎక్కువగా ఉండేవి. నీళ్లు, మురుగు కాలువలు, విరేచనాలకు మందు అడిగితే పలకని ప్రభుత్వం చుక్కల కోసం మాత్రం పదే పదే ఎందుకొస్తోందని అక్కడి తల్లిదండ్రులు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదనే నా అభిప్రాయం. స్థానిక రోటేరియన్లు మతపెద్దలైన ఉలేమాలతో కమిటీ ఏర్పాటు చేసి, ఉచిత వైద్య శిబిరాలు పెట్టి, ఆ ఇళ్లతో నమ్మకం పెంచుకున్నారు. ఆ ఊరివారు కానివారికి ఇది సాధ్యమయ్యేది కాదు. 1923లో స్థానిక క్లబ్బు కోసం వాదించినవారి మాటకు ఇక్కడ విలువ తెలిసింది.

2009లో దేశంలో 741 కేసులు వచ్చాయి. ప్రపంచం మొత్తం మీద దాదాపు సగం మనవే. మరుసటి ఏడాది అవి 42కు తగ్గాయి. 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక పసిపాపకు వచ్చినదే చివరి కేసు. 2014 మార్చి 27న భారత్‌కు పోలియో రహిత ధ్రువీకరణ లభించింది. అప్రమత్తత తప్పదని 2016లో హైదరాబాద్ గుర్తు చేసింది. మురుగునీటి నమూనాలో చుక్కల మందులోని బలహీనపరచిన వైరస్ మారి పుట్టిన టైప్ 2 రకం పోలియో వైరస్ కనిపించడంతో, ఏ బిడ్డకూ జబ్బు రాకపోయినా, హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో పిల్లలకు ఇంజెక్షన్ రూపంలో టీకా వేశారు.

చుక్కలు అందకముందే పోలియో సోకినవారి సంగతి మాత్రం ఇంకా తేలలేదు. అడుగు తీసి అడుగు వేసేటప్పుడు తొడమీద చేయి ఆనించి నడిచే ఆ తరం ఇప్పుడు నడివయసులో ఉంది. వారిలో కొందరికి ఎన్నో ఏళ్ల తరువాత కండరాల నీరసం, నొప్పి తిరగబెడుతున్నాయి. ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ ఆసుపత్రి పోలియో వార్డులో రోటరీ సాయంతో సరిదిద్దే శస్త్రచికిత్సలు జరిగాయి. అంతర్జాతీయ నిధులు ప్రధానంగా టీకాలకూ, వ్యాధి నిఘాకూ వెళతాయి కనుక, కాలికి ఆసరాగా కట్టే క్యాలిపర్లు, కర్రలు, ఉపాధి వంటివి చాలావరకు ఊరి క్లబ్బుల మీదే ఆధారపడతాయి. క్యాలిపర్ అరిగిపోతుంది, తోలుపట్టీ తెగుతుంది, పిల్లలకైతే ఎదిగేకొద్దీ కొలత మార్చాలి. కాబట్టి శిబిరం పెట్టి ఫొటోలు దిగి వెళ్లడం కాక, ఎవరికి ఏ కొలత ఇచ్చారో రిజిస్టరులో రాసుకుని మళ్లీ ఎప్పుడు రావాలో ఆ రోజే తేదీ చెప్పి పంపే క్లబ్బులే ఈ కుటుంబాలకు ఇప్పుడు కావాలి.