ఆ కంప్యూటర్‌కు పీడనం తెలియదు

పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారి తాళం తిప్పగానే పాత కారు స్టార్టవుతుంది. అరగంట నడిపి, ఇరవై నిమిషాలు ఆపి మళ్లీ తిప్పితే స్టార్టర్ గిర్రున తిరుగుతూనే ఉంటుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. ఇంకో కారు ఎత్తు ఎక్కుతూ ఊపిరాడనట్టు ఆయాసపడుతుంది. మరొకటి నల్లపొగ వదులుతుంది. ఇలాంటప్పుడు చాలామంది మొదట ప్లగ్గులు మారుస్తారు, తర్వాత సెన్సార్లు, చివరికి ఎక్కడా దొరకని కంట్రోల్ యూనిట్ కోసం, అంటే పెట్రోలు లెక్క చూసే కంప్యూటర్ కోసం, వెతుకుతారు. నేనైతే వీటన్నిటికన్నా ముందు పెట్రోలు పీడనం కొలవమంటాను.

బాష్ సంస్థ 1967లో డి-జెట్రోనిక్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ (ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే) పద్ధతిని ఫోక్స్‌వాగన్ 1600 కార్లలో ప్రవేశపెట్టింది. 1970లలో ఎల్-జెట్రోనిక్ వచ్చింది. రెండింటిలోనూ ఇంజెక్టర్ అంటే విద్యుత్తుతో తెరుచుకునే ఒక చిన్న కుళాయి. ఇంజన్‌లోకి ఎంత గాలి వెళ్తోందో చూసుకుని, ఆ కుళాయిని ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉంచాలో కంట్రోల్ యూనిట్ లెక్క కడుతుంది. దాని చేతిలో ఉన్నది కాలం ఒక్కటే. ఆ కాలంలో ఎంత పెట్రోలు పడుతుందో నిర్ణయించేది పీడనం, దాన్ని కొలిచే సెన్సార్ ఈ కార్లలో లేదు. డి-జెట్రోనిక్ సుమారు 2 బార్లు (బార్ అంటే పీడనాన్ని కొలిచే ప్రమాణం), ఎల్-జెట్రోనిక్ సాధారణంగా 2.5 బార్లు ఉంటుందని నమ్మి లెక్క వేస్తుంది. ప్రవాహం పీడనపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి, పీడనం సగానికి పడితే పెట్రోలు సుమారు 71 శాతమే అందుతుంది. 2.5 ఉండాల్సిన చోట 3 ఉంటే దాదాపు పది శాతం ఎక్కువ పడుతుంది. కంట్రోల్ యూనిట్ ఏ తప్పూ చేయకపోయినా ఇంజన్ సరిగా నడవదు.

కొలవడానికి ఒక గేజు, పెట్రోలు గొట్టం మధ్యలో బిగించే మూడు మూతుల జాయింటు చాలు. కానీ తొందరపడకూడదు. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. పంపు ఫ్యూజు తీసి ఇంజన్ తనంతట తాను ఆగిపోయేదాకా నడిపితే లోపలి పీడనం చాలావరకు తగ్గుతుంది. అప్పుడు కూడా జాయింటుకు గుడ్డ చుట్టి నెమ్మదిగా వదులు చేయాలి, మంటలార్పే సిలిండర్ చేతికి అందేచోట పెట్టుకోవాలి. వేడి ఇంజన్ మీద పడ్డ పెట్రోలు రెండో అవకాశం ఇవ్వదు.

ఎల్-జెట్రోనిక్ కారులో ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా ముల్లు దాదాపు 2 దగ్గర నిలుస్తుంది. పెట్రోలు పీడనాన్ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ నుంచి ఇంజన్ గాలి గొట్టానికి వెళ్లే సన్నటి పైపును లాగేస్తే 2.5కి ఎగబాకాలి. ఇంజెక్టర్ మొన ఉన్నచోట గాలి పీడనం మారుతుంటే, దానికి తగ్గట్టు రెగ్యులేటర్ పెట్రోలు పీడనాన్నీ మార్చి, రెండింటి తేడాను స్థిరంగా ఉంచుతుంది. ఎంతో అందమైన ఏర్పాటిది. లాగిన ఆ పైపును ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. లోపల తడిగా ఉండి పెట్రోలు వాసన వస్తే రెగ్యులేటర్‌లోని పొర చిరిగినట్టే. నల్లపొగకు కారణం అక్కడే దొరికింది.

పీడనం తక్కువగా ఉంటే ట్యాంకుకు తిరిగి వెళ్లే రబ్బరు గొట్టాన్ని ఒక్క క్షణం నొక్కి చూస్తాను. ముల్లు చటుక్కున లేస్తే పంపులో సత్తువ ఉంది, రెగ్యులేటరే వదిలేస్తోంది. లేవకపోతే ఫిల్టరు, పంపు, దానికి వచ్చే కరెంటు చూడాలి. ఒక్క క్షణమే ఎందుకంటే, దారి మూసేస్తే పీడనం మామూలుకు రెట్టింపు దాటవచ్చు, పాత రబ్బరు తట్టుకోలేదు. పంపును తిట్టుకునే ముందు అది తిరుగుతుండగా దాని టెర్మినళ్ల దగ్గరే వోల్టేజీ కొలవాలి. బ్యాటరీ దగ్గర 13.5 ఉండి అక్కడ 10.5 వస్తుంటే తప్పు తుప్పు పట్టిన ఎర్త్ తీగదో, అరిగిన రిలేదో అయి ఉంటుంది.

మూసుకుపోతున్న ఫిల్టరు ఐడ్లింగ్‌లో దొరకదు. అప్పుడు ఇంజన్‌కు కావలసింది కొంచెమే, మిగిలినదంతా ట్యాంకుకు తిరిగిపోతుంది. అందుకే పొడవాటి గొట్టంతో గేజును అద్దం బయట వైపర్ కింద కట్టి, పక్కన ఒకరిని ముల్లు చూడమని కూర్చోబెట్టి, ఎత్తు మీద బలంగా నడపాలి. గేజును కారు లోపలికి మాత్రం తేకూడదు.

1970లలోనే వచ్చిన మెకానికల్ కె-జెట్రోనిక్ కథ వేరు. అక్కడ సుమారు 5 బార్ల ప్రధాన పీడనంతో పాటు ఇంజన్ వేడెక్కేకొద్దీ పెరిగే నియంత్రణ పీడనం కూడా ఉంటుంది, రెండూ కొలవాలి.

ఇక మొదట చెప్పిన కారు. ఆపగానే ఇంజన్ వేడంతా గొట్టాలకు ఎక్కుతుంది. పీడనం నిలిచి ఉంటేనే లోపలి పెట్రోలు మరిగి ఆవిరి కాకుండా ఉంటుంది. కాబట్టి ఇంజన్ ఆపి గేజునే చూస్తూ కూర్చోవాలి. ముల్లు జారిపోతుంటే పంపు వైపు గొట్టాన్ని నొక్కి పెట్టండి, జారడం ఆగితే పంపులోని వెనక్కి పోనివ్వని వాల్వు కారుతోంది. తిరుగు గొట్టం నొక్కితే ఆగిందా, రెగ్యులేటర్. రెండూ నొక్కినా ఆగకపోతే ఏదో ఒక ఇంజెక్టర్ కారుతోంది. నేను మొదట అనుమానించేది చలిలో స్టార్టింగ్ కోసం అదనంగా పెట్టిన ఇంజెక్టర్‌ను. గొట్టం తీయకుండా దాన్ని మాత్రం విప్పి, తీగ ఊడదీసి, పీడనం ఎక్కించి, మొనను పొడిగుడ్డతో తుడిచి ఒక నిమిషం చూడాలి. మొన మీద తడి మెల్లగా గుండ్రబడి, బొట్టయి, వేలాడుతుంది.