గోళ్లతో మొదలై జన్యువుల దాకా: అమెరికా నర్సుల అధ్యయనం

వైద్య వృత్తిలో ఉన్నవారి ఆరోగ్యాన్నే దశాబ్దాల తరబడి గమనించే పరిశోధనలకు బాట వేసింది బ్రిటన్. 1951లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అక్కడి డాక్టర్లకు ఉత్తరాలు పంపి పొగతాగే అలవాటు గురించి ఆరా తీశారు. డాక్టర్లనే ఎంచుకోవడంలో గౌరవం కన్నా లెక్కే ఎక్కువ. వారి పేర్లు రిజిస్టరులో ఉంటాయి కనుక, ఎవరు ఎప్పుడు ఏ జబ్బుతో పోయారో తెలుసుకోవడం తేలిక. సిగరెట్ మాననివారు ఎన్నడూ తాగనివారి కన్నా సగటున పదేళ్లు ముందే చనిపోతున్నారని యాభై ఏళ్ల పరిశీలన తేల్చింది.

అమెరికాలో 1976లో ఫ్రాంక్ స్పైజర్ నర్సులను ఎంచుకున్నారు. గర్భనిరోధక మాత్రలను ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందన్నది అప్పటి ప్రధాన ప్రశ్న. 11 రాష్ట్రాల్లో 30 నుంచి 55 ఏళ్ల మధ్య వయసున్న 1,21,700 మంది వివాహిత నర్సులు జవాబులు పంపారు. జబ్బు పేరు, మందు పేరు తప్పుల్లేకుండా రాయగలవారు కావడం, రెండేళ్లకోసారి వచ్చే ప్రశ్నావళిని ఓపిగ్గా నింపడం ఈ అధ్యయనానికి ప్రాణంగా నిలిచాయి. 1980లో ఆహారం గురించిన ప్రశ్నలు చేరాయి.

ఆ తర్వాత అడిగినవి వింటే నవ్వు రావచ్చు. 1980ల తొలినాళ్లలో కాలిగోళ్లు కత్తిరించి పంపమన్నారు. నెలల తరబడి ఒంట్లో చేరిన సెలీనియం వంటి మూలకాల జాడ గోళ్లలో నిలుస్తుంది మరి. 1989–90లో సుమారు 33,000 మంది రక్తం తీయించుకుని, ఐసు ప్యాకుతో సహా కొరియరులో పంపారు. ఆ నమూనాలను ద్రవ నైట్రోజన్ ఫ్రీజర్లలో దాచారు. మనిషి జన్యుక్రమాన్ని పూర్తిగా చదవడానికి అప్పటికింకా దశాబ్దానికి పైగా సమయం ఉంది.

దాచిన ఆ రక్తమే 2007లో అక్కరకొచ్చింది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన 1,145 మంది డీఎన్‌ఏను, రానివారి డీఎన్‌ఏతో పోల్చినప్పుడు ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 అనే జన్యువులోని తేడాలకు ఆ జబ్బుతో సంబంధం బయటపడింది.

ఇలాంటి అధ్యయనం చెప్పిందల్లా వేదవాక్కు కాదు. ముట్లుడిగాక హార్మోన్ మాత్రలు వాడేవారికి గుండెజబ్బు తక్కువని నర్సుల లెక్కలు చూపగా, మాత్రలను నేరుగా పరీక్షించిన మరో పరిశోధన 2002లో అందుకు భిన్నమైన ఫలితమిచ్చింది. పైగా తొలి బృందంలో దాదాపు అందరూ శ్వేతజాతి మహిళలే. 2007 నాటి పోలికలోనూ ఐరోపా మూలాలున్నవారే ఉన్నారు. 2010లో మూడో తరం నర్సుల అధ్యయనం మొదలైంది. భిన్న జాతుల వారిని ఎక్కువగా చేర్చుకోవడం దాని లక్ష్యాల్లో ఒకటి.