తుపాకీ ఆగిన తరువాత చెవిలో మిగిలే హోరు

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని చుట్టుపక్కల వాళ్లు మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి ప్రపంచయుద్ధ కాలం నుంచి తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపుతున్న కుటుంబాలు ఆ ఊళ్లో ఉన్నాయి. ఆ ఒక్క ఊరే కాదు, డెల్టాలో కాలువ గట్లు పట్టుకుని పోతే పదిహేనో ఇరవయ్యో ఏళ్లు సర్వీసు చేసి వచ్చి, పింఛను అందుకుంటూ కొబ్బరితోటో చేపల చెరువో చూసుకుంటున్న మాజీ సైనికులు చాలా ఊళ్లలో కనబడతారు. మోకాళ్ల నొప్పి గురించి, బీపీ గురించి వారు డాక్టరుకు చెప్పుకుంటారు గాని, చెవిలో రాత్రింబవళ్లు ఆగని ఈల గురించి చెప్పుకునేవారు తక్కువ. బయట ఏ శబ్దమూ లేకపోయినా చెవిలో గుయ్యిమనో, కీచుమనో, హోరుమనో వినబడే ఈ స్థితిని వైద్యులు టిన్నిటస్ అంటారు. మన పాత వైద్యగ్రంథాల్లో దీని పేరు కర్ణనాదం. 2022లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష ప్రకారం ప్రపంచంలోని వయోజనుల్లో సుమారు 14 శాతం మందికి ఇది ఏదో ఒక స్థాయిలో అనుభవమే. తీవ్రంగా బాధపడేవారు దాదాపు 2 శాతం. అమెరికాలో మాజీ సైనికులకు వైకల్య పరిహారం ఇచ్చే సమస్యలలో, సంఖ్యాపరంగా, చాలా ఏళ్లుగా మొదటి స్థానం దీనిదే.

సైనికులకే ఎందుకు ఇంత ఎక్కువగా వస్తుందో తెలియాలంటే ముందు తుపాకీ శబ్దం ఎంతటిదో చూడాలి. డెసిబెల్ లెక్క కూడికల లెక్క కాదు. పది డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది, ఇరవై పెరిగితే నూరు రెట్లు. రోజుకు ఎనిమిది గంటలు వింటే 85 డెసిబెల్స్ వరకు ఫరవాలేదనీ, అక్కడి నుంచి ప్రతి మూడు డెసిబెల్స్‌కూ సురక్షిత సమయం సగానికి తగ్గుతుందనీ వృత్తి ఆరోగ్య నిపుణులు అంటారు. ఆ లెక్కన 100 డెసిబెల్స్ శబ్దాన్ని పావుగంటకు మించి వినకూడదు. పేలుడు శబ్దాలకైతే సమయంతో పనే లేదు. గరిష్ఠ స్థాయి 140 డెసిబెల్స్ దాటితే రక్షణ లేని చెవికి ఒక్కసారి తగిలినా ప్రమాదమే. 5.56 మిల్లీమీటర్ల రైఫిల్ పేల్చినప్పుడు పేల్చినవారి చెవి దగ్గర అది 155 నుంచి 160 దాకా ఉంటుంది. 1999 కార్గిల్ యుద్ధంలో పేరు మోగిన 155 మిల్లీమీటర్ల బోఫోర్స్ వంటి ఫిరంగుల పక్కన నిలబడి గుండ్లు అందించే సిబ్బందికి 170 కూడా దాటుతుంది.

పెద్ద శబ్దం వచ్చినప్పుడు చెవి తనను తాను కాపాడుకోవడానికి మధ్య చెవిలో స్టెపీడియస్ అనే కండరం ఉంది. మన శరీరంలోని అస్థి కండరాలలో అన్నిటికన్నా చిన్నది అదే. శబ్దం పెరగగానే అది బిగుసుకుని, లోపలి చెవికి చేరే కంపనాన్ని కొంత తగ్గిస్తుంది. అయితే అది పూర్తిగా బిగుసుకోవడానికి సెకనులో పదో వంతు వరకు పడుతుంది; తుపాకీ పేలుడు ఉద్ధృతి సెకనులో వెయ్యో వంతులు కొన్ని గడిచేసరికే ముగిసిపోతుంది. అంటే కాపలాదారు లేచేసరికి దొంగ ఊరు దాటినట్టే.

ఆ పేలుడు లోపలి చెవిలో కాక్లియా అనే నత్తగుల్ల ఆకారపు గొట్టాన్ని తాకుతుంది. చుట్టలు విప్పి కొలిస్తే దాని పొడవు 35 మిల్లీమీటర్ల ప్రాంతం. అందులో శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చే లోవరుస రోమకణాలు సుమారు 3,500, ఆ కంపనాన్ని పెంచి అందించే బయటి వరుసల రోమకణాలు సుమారు 12,000 ఉంటాయి. పుట్టుకతో వచ్చిన ఈ కణాలే జీవితాంతం. చచ్చినవాటి స్థానంలో మనిషికి కొత్తవి రావు. పక్షులకు వస్తాయి. శబ్దంతో దెబ్బతిన్న కోడిపిల్లల చెవుల్లో రోమకణాలు మళ్లీ మొలుస్తున్నాయని 1980ల చివర్లో శాస్త్రవేత్తలు కనిపెట్టారు. తణుకు చుట్టుపక్కల ఫారాల్లో పెరిగే కోడికి ఉన్న ఈ సదుపాయం దానికి మేత వేసే మనిషికి లేకపోవడం ప్రకృతి చేసిన వింత పంపకం.

కాల్పుల దెబ్బ మొదట తగిలేది 4,000 హెర్ట్జ్ ప్రాంతపు హెచ్చు స్వరాలను వినే భాగానికి. కుడిచేతి వాటం సైనికుల్లో తరచుగా ఎడమ చెవి ఎక్కువ దెబ్బతింటుంది. ఎందుకంటే తుపాకీ మడమను కుడి భుజానికి ఆనించి తల వంచి గురి చూసినప్పుడు ఎడమ చెవి గొట్టపు కొసకేసి తిరుగుతుంది. కుడి చెవికి తలే అడ్డు. ఫైరింగ్ రేంజి నుంచి వచ్చిన సాయంత్రం చెవులు గుయ్యిమని, తెల్లారేసరికి సర్దుకుంటే ఏమీ కాలేదని సైనికులు అనుకోవడం మామూలే. 2009లో ఎలుకల మీద జరిగిన ఒక పరిశోధన ఆ ధైర్యాన్ని దెబ్బతీసింది. పెద్ద శబ్దం విన్న ఎలుకల వినికిడి కొద్ది రోజుల్లో పరీక్షలో మామూలుగా కనబడేంతగా తిరిగి వచ్చినా, దెబ్బతిన్న భాగంలో రోమకణాలనూ నాడినీ కలిపే సంధుల్లో దాదాపు సగం శాశ్వతంగా పోయాయి.

ఇక్కడొక చిక్కు ప్రశ్న ఉంది. కణాలు చస్తే వినబడకపోవాలి గాని, లేని శబ్దం వినబడటమేమిటి? దానికి సమాధానం చెవిలో కన్నా మెదడులోనే ఎక్కువ ఉంది. శ్రవణ నాడీ మార్గం శబ్దం లేనప్పుడు కూడా పూర్తిగా ఊరుకోదు; అందులోని కణాలు ఎంతో కొంత స్పందిస్తూనే ఉంటాయి. చెవి నుంచి రావలసిన సంకేతాలు తగ్గినప్పుడు మెదడు ఆ లోటు పూడ్చుకోవడానికి తన గ్రాహక శక్తిని పెంచుకుంటుంది. కాలువలో నీరు అడుగంటినప్పుడు శివారు రైతు ఆయిల్ ఇంజను పెట్టి ఉన్న నీటినే తోడుకుంటే చేలోకి నీటితో పాటు బురద కూడా వచ్చినట్టు, పెంచిన ఆ శక్తికి లోపలి రొద కూడా పెద్దదై శబ్దంగా అనిపిస్తుంది. టిన్నిటస్‌కు ఇదొక్కటే వివరణ కాదు, కాని ఎక్కువ మంది పరిశోధకులు మొగ్గు చూపేది దీనివైపే. శస్త్రచికిత్సలో శ్రవణనాడిని కోసివేసిన తరువాత కూడా చాలామందికి మోత ఆగకపోవడం, కొందరికి పెరగడం దీనికి బలమైన సాక్ష్యం.

ఆరోగ్యంగా ఉన్న చెవి కూడా ఇందుకు మినహాయింపు కాదు. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు వినికిడి బాగున్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కొద్ది నిమిషాలు కూర్చోబెట్టి ఏం వినబడుతోందని అడిగితే, వారిలో 94 శాతం మంది ఏదో ఒక శబ్దం చెప్పారు. 2012లో మరొక పరిశోధనలో కొందరు ఆరోగ్యవంతులు వారం రోజులు ఒక చెవికి బిరడా పెట్టుకుంటే ఎక్కువమందికి లేని శబ్దాలు వినబడ్డాయి. బిరడా తీసేశాక అవి పోయాయి. నిశ్శబ్దం టిన్నిటస్‌ను పెంచుతుందే గాని తగ్గించదని ఈ రెండు ప్రయోగాలూ చెబుతున్నాయి. పదవీ విరమణ చేసి ప్రశాంతమైన ఊరికి వచ్చిన తరువాతే మోత మొదలైందని చాలామంది చెప్పడంలో ఆశ్చర్యం లేదు. బ్యారక్‌లో, బండ్లలో, జనరేటర్ల మధ్య అది మరుగున పడి ఉంటుంది. పైగా వయసుతో వచ్చే వినికిడి లోపం పాత దెబ్బకు తోడవుతుంది.

బాధ తీవ్రత విషయంలో పరిశోధకులను చాలాకాలంగా ఆశ్చర్యపరుస్తున్న సంగతి ఒకటుంది. టిన్నిటస్ స్థాయిని బయటి శబ్దంతో పోల్చి కొలిస్తే అది సాధారణంగా ఆ మనిషి వినగలిగే కనీస స్థాయికన్నా ఐదు పది డెసిబెల్స్ మాత్రమే ఎక్కువ ఉంటుంది. అంత చిన్న మోతతో ఒకరు హాయిగా నిద్రపోతారు, మరొకరు నెలల తరబడి నిద్రకు దూరమవుతారు. తేడా శబ్దంలో లేదు, ఆ శబ్దాన్ని మెదడు ఏ కోవలో వేసిందన్న దానిలో ఉంది. 1990లో పావెల్ జాస్ట్రెబాఫ్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించిన నమూనా ప్రకారం, భయానికీ ఉద్వేగానికీ సంబంధించిన మెదడు కేంద్రాలు ఆ మోతను ప్రమాద సూచనగా పట్టుకుంటేనే అది వ్యాధిగా మారుతుంది. గుండెదడ, కండరాల బిగువు, నిద్రలేమి దాని వెంట వస్తాయి. అవి మళ్లీ మనసును మోత మీదికే లాగుతాయి. రాత్రి కాపలాలో ఆకు కదిలినా పట్టుకోవాలని ఏళ్ల తరబడి శిక్షణ పొందిన మనిషి ఈ వలలో తేలికగా పడతాడని నాకనిపిస్తుంది. ఉద్యోగంలో ప్రాణం కాపాడిన ఆ అప్రమత్తత ఇంటికి వచ్చాక చెవిలోని ఈలకు కాపలా కాస్తుంది. యుద్ధ జ్ఞాపకాలు పీడకలలై వేధించేవారికి ఈ రెండూ ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి కాబట్టి మానసిక వైద్యుణ్ణి కలవడం తప్పనిసరి. బతుకు మీద విరక్తి కలిగేంత దాకా వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

చికిత్స అనగానే మన ఊళ్లలో ముందు గుర్తొచ్చేది వెల్లుల్లి కాచిన నూనె. పేలుడుకు కర్ణభేరి చిరిగి ఉండే అవకాశం ఉన్నవారి చెవిలో చమురు పోయడం చీము తెచ్చుకోవడమే. ముందు ఈఎన్‌టీ డాక్టరు చెవి లోపల చూడాలి. కొన్నిసార్లు గట్టిపడిన గులిమి తీయగానే సగం బాధ పోతుంది. తరువాత వినికిడిని కొలిచే ఆడియోమెట్రీ పరీక్ష చేయించాలి; దాని పట్టికే ఆడియోగ్రామ్. మోతను మాయం చేసే మందు ఇంతవరకు లేదు. 2014లో అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు జింకో బైలోబా అనే చెట్టు ఆకుల సారం, జింక్, మెలటోనిన్ వంటివి టిన్నిటస్ కోసం వాడవద్దనే చెప్పాయి. మందుల షాపుల్లో నెలల తరబడి వాటిని కొనేవారు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది. మోతను తెచ్చిపెట్టే మందులు మాత్రం ఉన్నాయి: పెద్ద మోతాదు ఆస్పిరిన్, మలేరియాకు వాడే క్వినైన్, జెంటామైసిన్, అమికాసిన్ వంటి ఇంజెక్షన్లు, ఫ్యూరోసెమైడ్. వీటిని సొంతంగా ఆపకూడదు గాని, డాక్టరుకు చెప్పి మార్చుకునే వీలుందేమో అడగాలి.

ఆడియోగ్రామ్‌లో లోపం కనబడితే అన్నిటికన్నా మేలు చేసేది వినికిడి యంత్రం. హెచ్చు స్వరాలు పోయిన మనిషికి మాట వినబడుతుంది గాని స, శ, చ వంటి అక్షరాలు జారిపోవడం వల్ల అర్థం కాదు. మనవలు పలికే పలుకులు మరీ కష్టం. యంత్రం ఆ లోటు పూడ్చినప్పుడు మెదడుకు సహజమైన శబ్దాలు అంది, లోపలి రొద వెనక్కు తగ్గుతుంది. యంత్రం పెట్టుకుంటే చెవిటివాడంటారని వెనకాడేవారు, పెట్టుకోకపోతే పదిమందిలో మాట తప్పించుకు తిరుగుతారు. ఊళ్లో ఆ సంగతి ఎవరూ గమనించరనుకోవడం భ్రమ.

రెండో సాధనం శబ్దమే. మోతను పూర్తిగా ముంచివేసే పెద్ద శబ్దం కాదు, మోత వినబడుతూనే దాని పక్కన మెత్తగా సాగే శబ్దం కావాలి. అప్పుడే మెదడు దానికి క్రమంగా అలవాటు పడుతుంది. డెల్టాలో ఇందుకు డబ్బు ఖర్చు లేదు. తొలకరి తరువాత చేలల్లో కప్పల బెకబెకలు, రేకుల మీద వాన, లాకుల దగ్గర నీటి జారు, కొబ్బరాకుల గలగల, ఎండాకాలమంతా తిరిగే సీలింగు ఫ్యాను, అన్నీ పనికొస్తాయి. ఇబ్బంది వచ్చేది ధనుర్మాసపు చలిలో. ఫ్యాను ఆగుతుంది, తలుపులు మూతపడతాయి, చెవుల మీదుగా మఫ్లరు కూడా వస్తుంది. మోత ఒక్కసారి పెరిగినట్టనిపిస్తుంది. ఆ నెలల్లో ఫ్యానును గోడవైపు తిప్పి నడిపించినా, ఫోనులో వాన శబ్దం సన్నగా పెట్టుకున్నా సరిపోతుంది. రొయ్యల చెరువు గట్టున పడుకునేవారికి ఏరేటర్ల హోరు ఉంటుంది గాని, అది చెవి పక్కనే ఉంటే మేలుకన్నా కీడే ఎక్కువ.

మూడోది ఆలోచన తీరు మార్చే చికిత్స, సీబీటీ. టిన్నిటస్ వల్ల దెబ్బతిన్న జీవన నాణ్యతను ఇది మెరుగుపరుస్తుందని వైద్య పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష తేల్చింది. శబ్దం తగ్గదు, శబ్దంతో తగవు తగ్గుతుంది. ఈ మోత పెరిగి పెరిగి చెవుడు తెస్తుందన్న భయాన్ని పరిశీలించి చూస్తే, మోత తనంత తానుగా వినికిడిని పోగొట్టదని తేలుతుంది. పొద్దున లేవగానే ఉందా లేదా అని వెతికి చూసుకోవడం, ప్రశాంతంగా ఉండే చోట్లను వెదుక్కోవడం, పెళ్లిళ్లకు పోవడం మానేయడం, ఇవన్నీ మోతకు కొత్త ప్రాధాన్యం ఇచ్చే పనులే. సీబీటీ ఇచ్చే నిపుణులు పల్లెల్లో అరుదు. అయినా సైన్యంలో అలవాటైన క్రమశిక్షణ ఇక్కడ అక్కరకొస్తుంది: రోజూ ఒకే వేళకు లేవడం, పగలు ఒంటికి పని చెప్పడం, నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి కూర్చోవడం. క్యాంటీన్ రమ్ముతో నిద్ర త్వరగా పట్టినా నడిరాత్రి తెగిపోతుంది. అప్పుడు మిగిలేది చీకటి, మోత. కాఫీ, టీ మానితే తగ్గుతుందన్నదానికి గట్టి ఆధారం లేదు కాబట్టి ఆ శిక్ష వేసుకోనక్కరలేదు.

మిగిలిన వినికిడినైనా కాపాడుకోవాలి. దీపావళి బాంబులు, సంక్రాంతి బరుల దగ్గర మైకులు, ఊరేగింపుల డీజే పెట్టెలు పాత దెబ్బ మీద కొత్త దెబ్బ వేస్తాయి. అటువంటి చోట్ల నురుగు బిరడాలు పెట్టుకుని, ఇంటికి రాగానే తీసేయాలి. రోజంతా ఉంచుకుంటే పైన చెప్పిన ప్రయోగంలోని వారి పరిస్థితే వస్తుంది.

మోత ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె కొట్టుకునే లయలో వినబడినా, కళ్లు తిరగడంతో కలిసి వచ్చినా కారణం తుపాకీయే అనుకుని ఊరుకోకూడదు; స్కానింగ్ అవసరం కావచ్చు. ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే స్టెరాయిడ్ మందులు మొదటి రోజుల్లోనే బాగా పనిచేస్తాయి. 2003లో మొదలైన మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్‌లో సభ్యులైనవారు తమ పాలీక్లినిక్ ద్వారా ఈఎన్‌టీ నిపుణుల దగ్గరికి వెళ్లవచ్చు. ఇంకా సర్వీసులోనే ఉన్న యువకులు మాత్రం ఫైరింగ్ తరువాత చెవి గుయ్యిమన్న ప్రతిసారీ మెడికల్ ఆఫీసరుకు చెప్పి రికార్డులో రాయించుకోవాలి, ఆడియోగ్రామ్ నకలు దాచుకోవాలి. విడుదల వేళ మెడికల్ బోర్డు ముందు నోటిమాటకన్నా ఆ కాగితమే పనిచేస్తుంది.